ముప్పై ఎనిమిది నిమిషాల దీవెన

ఆ సోమవారం తెమిర్‌కుల్ బాబాయ్ ఆఫీసులోకి వచ్చి, టోపీ అయినా తీయకుండా, "ఇక కొలిచింది చాలు. ఇవాళ్టి నుంచి చెప్తాం," అన్నాడు.

"ఎవరికి?" అన్నాడు జాకిప్.

"అందరికీ."

"ఏమని?"

బాబాయ్ అప్పుడు టోపీ తీశాడు. "అది ఇంకా తేలలేదు," అన్నాడు.

మాది మంచు కొలిచే సంఘం. లాభం లేని సంస్థ అని కాగితాల్లో ఉంటుంది, అది అక్షరాలా నిజం. బిష్కెక్‌లో డ్రైవింగ్ స్కూలు మేడ మీద రెండు గదులు, టీ కాచుకునే సమోవార్ ఒకటి, ముగ్గురు మనుషులం. తెమిర్‌కుల్ బాబాయ్ డైరెక్టరు, అరవై ఏడేళ్లవాడు, మంచు మీద రెండు డాక్టరేట్లున్నాయి. జాకిప్ నీళ్ల లెక్కలు చూస్తాడు. నేను బురుల్‌ని, కొండెక్కి కర్రలు దింపుతాను. మంచులోకి బెజ్జం తొలిచి పొడుగాటి కర్ర దింపుతాం. ఏడాది తిరిగాక ఎంత కర్ర బయటపడితే అంత మంచు పోయినట్టు. ఇందులో బ్రహ్మవిద్యేమీ లేదు. చోంగ్-తెకే అనే ఒకే ఒక హిమానీనదం మీద ఇరవై రెండు కర్రలు, పంతొమ్మిదేళ్లు. హిమానీనదం అని పుస్తకాల్లో రాస్తారు, నేను మంచు అనే అంటాను.

ఏటా నూట నలభై పేజీల రిపోర్టు వేసి ప్రభుత్వానికి పంపేవాళ్లం. ఆరేళ్ల కిందట బాబాయ్‌కి అనుమానం వచ్చింది, ఎవరైనా చదువుతున్నారా అని. డెబ్బై ఒకటో పేజీలో, రెండు పట్టికల మధ్య, బెష్‌బర్మాక్ ఎలా వండాలో రాసిపెట్టాడు. మాంసం ఎంతసేపు ఉడకాలి, పిండి పట్టీలు ఎంత సన్నగా కోయాలి, ఉల్లిపాయ ఎంత వేయాలి, అన్నీ. "మీ రిపోర్టు అందినది, లోతుగా అధ్యయనం చేయబడినది" అని పైనుంచి ఉత్తరం వచ్చింది. ఆరేళ్లూ అదే వంటకం పంపాం, ఆరేళ్లూ అదే ఉత్తరం వచ్చింది. దేశం మొత్తం మీద ఒక్కడు పట్టుకున్నాడు, నారిన్‌లో ఉండే రిటైరైన బడిపంతులు. ఉల్లిపాయ మరీ ఎక్కువైందని కార్డు రాశాడు.

"చూశావా, మనకో పాఠకుడున్నాడు," అన్నాడు బాబాయ్ ఆరోజు.

"ఆయనకీ మంచు కనబడలేదు బాబాయ్, ఉల్లిపాయే కనబడింది," అన్నాను నేను.

అరవండి, వీధిలోకి రండి, ఆఫీసర్ల గుమ్మం ముందు కూర్చోండి అని నేను పదేళ్లుగా మొత్తుకుంటూనే ఉన్నాను. చదువుకున్నవాళ్లు నా మాట వినలేదు. విన్నది ఎప్పుడంటే, కంపెనీ వచ్చినప్పుడు.

ఆ కంపెనీ పేరు రాసి నా కలం మురికి చేసుకోను. వాళ్ల పథకం ఇది. చోంగ్-తెకే మీదికి రంపాలు తీసుకెళ్తారట. మంచును ఇటుకల్లా కోస్తారట. చల్లటి పెట్టెల్లో పెట్టి ఎడారి దేశాల్లో పెద్ద హోటళ్లకు పంపుతారట. అక్కడ బలిసినవాళ్లు గ్లాసులో వేసుకుని, ఇది వేల ఏళ్ల నాటి మంచు అని చప్పరిస్తారట. కింద తాష్-కొరో అని ఒక ఊరుంది, మా ఊరే. ఆ ఊళ్లో నూట పది గడపలు, బంగాళదుంప చేలు, గొర్రెలు, మా అమ్మ, అందరూ తాగేది ఆ మంచు కరిగి వచ్చే కాలవ నీళ్లే. అనుమతి ఇవ్వాలా వద్దా అన్నది పార్లమెంటు కమిటీలో ఒకే ఒక్క మనిషి అభిప్రాయం మీద ఆగి ఉంది. ఎసెన్‌బెక్ అనే ఎంపీ. ఆయన సెప్టెంబరులో తాష్-కొరో వచ్చి, చోటు కళ్లారా చూసి, అభిప్రాయం రాస్తాడు. సరే అని రాస్తే వచ్చే వసంతానికి రంపాలు ఎక్కుతాయి, వద్దని రాస్తే ఎక్కవు.

అందుకని మా సంఘం పరిశోధన ఆపి ప్రచారంలోకి, చట్టాల పనిలోకి దిగింది. చేతిలో ఐదు వారాలున్నాయి.

మొదట ప్రచారం నేర్పడానికి మెదినా అనే అమ్మాయి వచ్చింది. అంతకుముందు బట్టల సబ్బు ప్రకటనలు రాసేది. చురుకైన పిల్ల, మంచిది, కానీ ప్రపంచంలో ప్రతిదీ సబ్బే అనుకుంటుంది.

"అంకుల్, ఒకే వాక్యం," అంది బాబాయ్‌తో. "నిమిషం కూడా వద్దు. మంచు కరిగిపోతోంది. అంతే. చెప్పండి."

బాబాయ్ గొంతు సవరించుకున్నాడు. "మా దగ్గరున్న కొలతల పరిధిలో, సుమారుగా..."

"సుమారుగా వద్దు."

"సుమారుగా లేకపోతే అబద్ధం అవుతుంది తల్లీ."

"మీ ఇంట్లో పొయ్యి మీద పాలు పొంగుతుంటే ఆంటీకి ఏమని చెప్తారు?"

"పాలు పొంగే అవకాశం ఎక్కువగా ఉందని చెప్తాను."

"అందుకే వాళ్లింట్లో ఎప్పుడూ నల్ల టీయే," అన్నాడు జాకిప్.

మెదినా ఊరుకునే రకం కాదు. బజారు నుంచి ఒక సంచీడు కురుత్ తెప్పించింది. కురుత్ అంటే ఉప్పేసి ఎండబెట్టిన పెరుగు ఉండలు, రాళ్లలా ఉంటాయి, ఒకటి నములుతుంటేనే నోరు పిడచకట్టుకుపోతుంది. బాబాయ్ "సుమారు" అన్నప్పుడల్లా ఒక ఉండ తినాలని శిక్ష పెట్టింది. మధ్యాహ్నానికి ఆయన ఇరవై మూడు ఉండలు తిన్నాడు. నాలుక పైదవడకు అంటుకుపోయింది. అప్పుడు అడిగింది, "ఇప్పుడు చెప్పండి అంకుల్, మంచు ఏమవుతోంది?" అని.

ఆయన నోరు తెరిచాడు, మాట రాలేదు. చేతులు మాత్రం గాల్లో ఇటూ అటూ ఊపాడు. ఇంచుమించు అని అర్థం.

"చేతులతో కూడా అంటున్నాడు," అంది మెదినా నీరసంగా.

ఆ తర్వాత వేషం వచ్చింది. మంచును జనం ప్రేమించాలంటే దానికో ముఖం ఉండాలని మెదినా వాదన. మా వదిన తెల్లటి ఉన్ని దుప్పట్లు ఒత్తుతుంది, ఆమె చేత మనిషి లోపల పట్టేంత మంచుకొండ వేషం కుట్టించాం. కళ్లు, నవ్వు, కారుతున్న కన్నీటి చుక్క. లోపల జాకిప్ దూరాడు. ఓష్ బజారులో గేటు దగ్గర నిలబెట్టి, వచ్చేపోయేవాళ్లకు కరపత్రాలు ఇమ్మన్నాం.

పావుగంటలో గుంపు చేరింది. మెదినా కళ్లు మెరిశాయి. నేను దగ్గరికెళ్లి చూస్తే జనం కరపత్రం తీసుకోవడం లేదు, జాకిప్ పొట్ట పట్టుకుని పిసుకుతున్నారు.

"ఉన్ని బాగుంది. ఎవరు ఒత్తారు?" అని తలాస్ ఊరి నుంచి వచ్చిన ఒకావిడ అడిగింది.

"నేను చోంగ్-తెకేని," అన్నాడు జాకిప్ లోపలినుంచి, నేర్పిన మాట ప్రకారం. "ఏటా నేను కుంచించుకుపోతున్నాను."

"కుంచించుకుపోతుందా? తడిపితేనా, ఊరికేనా?"

"ఊరికే. ఎండ ఎక్కువై."

"అట్లాంటప్పుడు దీన్నెవరు కొంటారు నాయనా," అని ఆవిడ చెయ్యి తీసేసి, వెనకనున్న ఇద్దరికీ చెప్పింది, "ముట్టుకోకండి, నాసిరకం. వాడే ఒప్పుకుంటున్నాడు."

ఒకాయన మాత్రం సగం కొంటానని, నవ్వు ఉన్న వైపు కావాలని, చాకు కూడా తీశాడు. జాకిప్ ఆ వేషంతోనే బస్సెక్కాడు.

ఇక చట్టాల పని. ఎంపీకి ఇవ్వడానికి ఒకే ఒక్క పేజీ రాయాలని మెదినా గీత గీసింది. బాబాయ్ నాలుగు రోజులు తలుపేసుకుని రాశాడు. ఒక్క పేజీయే వచ్చింది. దాని కింది వివరణలు పదకొండు పేజీలు వచ్చాయి. నాకు ఒళ్లు మండింది.

"బాబాయ్, ఎంపీతో నేను మాట్లాడతాను."

"నువ్వు మాట్లాడవు బురుల్, తిడతావు."

"తిడితే తప్పేంటి?"

"తిడితే ఆయన రాసేది వద్దని కాదు, సరే అని. నీ మీద కోపంతో రాస్తాడు."

ఆ మాటలో నిజముంది. నేను ఇదివరకు తిట్టిన ఆఫీసర్లందరూ నేను అడిగినదానికి రివర్సే చేశారు. అందుకని పథకం ఇలా ఖాయమైంది: తాష్-కొరోలో ఊరి పెద్ద సపార్ తాత ఇంటి ముందు ఉన్ని గుడారం వేయాలి. ఎంపీకి గొర్రెను కోసి భోజనం పెట్టాలి. భోజనం అయ్యాక, టీ ముందు, తెర కట్టి ఇరవై నిమిషాల సినిమా చూపించాలి. అందులో కాలవ, చేలు, ఏడుస్తున్న మా అమ్మ. మా అమ్మ నిజానికి ఏడవలేదు. ఉల్లిపాయలు కోస్తుంటే మెదినా తీసింది. నన్ను బాబాయ్ పక్కన కూర్చుని నోరు మూసుకోమన్నారు.

సెప్టెంబరు పద్నాలుగున ఎంపీ వచ్చాడు. నలభై నాలుగేళ్ల మనిషి, కొంచెం లావు, మంచి కల్పాక్ టోపీ. చెడ్డవాడిలా లేడు, అది నాకు ఇంకా కోపం తెప్పించింది. ఆయన కారులోంచే కంపెనీ మేనేజరు కూడా దిగాడు. టై కట్టుకున్నాడు, చేతికి పెద్ద గడియారం, ఎంపీ భుజం మీద చెయ్యి. దారి పొడవునా ఇద్దరూ ఒకే కారులో కూర్చుని వచ్చారన్నమాట. మెదినా సినిమా ఇరవై నిమిషాలు. ఆ మేనేజరుకు ఆరు గంటలు దొరికాయి.

గుడారంలో అరవై మందిమి కూర్చున్నాం. మాంసం వచ్చింది. ఇక్కడే మా బిష్కెక్ బుర్రలు తప్పుచేశాయి. మెదినా ముందే కాగితం మీద రాసుకుంది, గొర్రె తల ఎంపీకి, తొడ ఎముక మేనేజరుకు అని, ఎవరి మనసు గెలవాలో వాళ్లకు మంచి ముక్క అన్న లెక్కలో. సపార్ తాత ఆ కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇదేంటి, వీళ్లు పిల్లకాయలు కదా," అన్నాడు. "తల వయసుకు పెడతాం. హోదాకి పెట్టం. ఇదేమైనా పట్నం హోటలా?"

అని, పళ్లెం మొత్తం తెచ్చి తెమిర్‌కుల్ బాబాయ్ ముందు పెట్టాడు. వచ్చిన అతిథుల్లో ఆయనే పెద్ద. బాబాయ్‌కి చెమటలు పట్టాయి. ఎందుకంటే ఎవరి ముందు తల పెడతారో, వాళ్లే చివర్లో అందరి తరఫునా దీవెన చెప్పాలి. ఆయన చిన్నప్పటి నుంచి బళ్లో, సైన్సులో, దేవుడి మాట ఎత్తని పాత పార్టీలో పెరిగిన మనిషి. జన్మలో ఒక్క దీవెన చెప్పలేదు.

అయినా దీవెనకు ఇంకా టైముంది, ముందు సినిమా ఉంది కదా అనుకున్నాం. జాకిప్ తెర కడుతున్నాడు. అప్పుడు మేనేజరు ఎంపీ చెవిలో ఏదో అన్నాడు. ఎంపీ సర్దుకు కూర్చుని గడియారం చూసుకున్నాడు.

"సపార్ తాతా, ఏమనుకోవద్దు," అన్నాడు. "కనుమ దగ్గర గొర్రెలు దిగుతున్నాయట, దారి మూసుకుపోతుంది. మేం బయల్దేరాలి. భోజనం అదిరింది. దీవెన చెప్పించేయండి."

"సినిమా ఉంది సార్," అంది మెదినా. "ఇరవై నిమిషాలే."

"లింకు పంపించమ్మా, చూస్తాను," అన్నాడు మేనేజరు. చూసేది ఎంపీ కదా, వీడెవడు. ఎంపీ మాత్రం తల వంచుకున్నాడు. ఆ తల వంచుకోవడం చూస్తే నాకర్థమైంది, ఆయన మనసులో సరే అని ఇప్పటికే రాసేశాడు. దీవెన అయిపోయిందంటే ఇంక ఆ గుడారంలో ఎవ్వరూ ఏదీ మాట్లాడే వీలు లేదు. దీవెన తర్వాత కూర్చోవడం, మాట్లాడటం, సినిమా చూపించడం, ఇవన్నీ మా దగ్గర మర్యాద తప్పిన పనులు. లేవాలి, వెళ్లాలి. పంతొమ్మిదేళ్ల పని రెండు నిమిషాల్లో తుడిచిపెట్టుకు పోబోతోంది.

సపార్ తాత అరచేతులు రెండూ చాపి ఎదురుగా పట్టాడు. అందరం పట్టాం. ఎంపీ పట్టాడు, మేనేజరు పట్టాడు.

బాబాయ్ నా వైపు వంగాడు. "బురుల్, నాకు దీవెనలు రావు."

"మీకు వచ్చిందే చెప్పండి."

"నాకు వచ్చింది ఒక్కటే కదా."

"అదే చెప్పండి," అన్నాను నేను. అప్పుడు ఆలోచించి అన్నానా, కోపంలో అన్నానా అంటే, కోపంలోనే అన్నాను.

బాబాయ్ అరచేతులు చాపాడు, కళ్లు మూసుకున్నాడు.

"మొదటి కర్ర," అన్నాడు.

అరవై తలలూ ఆయన వైపు తిరిగాయి.

"మొదటి కర్ర దగ్గర, మొదటి ఏడు, మంచు అరవై రెండు సెంటీమీటర్లు తగ్గింది. సుమారుగా. రెండు అటూ ఇటూ. రెండో ఏడు డెబ్బై ఒకటి తగ్గింది. మూడో ఏడు మంచు ఎక్కువ కురిసి యాభై ఎనిమిదే తగ్గింది, ఆ ఏడు మంచిది. అటువంటి ఏళ్లు మళ్లీ వచ్చుగాక."

"ఓమిన్," అంటే తథాస్తు అని, దీవెన ముగిసిందనుకుని జనం ఆనవాయితీగా అరచేతులతో ముఖాలు తుడుచుకోబోయారు.

"నాలుగో ఏడు," అన్నాడు బాబాయ్.

ముఖం దాకా వెళ్లిన చేతులు మళ్లీ కిందికి వచ్చి నిలబడ్డాయి. పెద్దవాడు దీవిస్తుండగా చెయ్యి దించే మనిషి మా దేశంలో ఇంకా పుట్టలేదు. మధ్యలో లేచేవాడు లేడు, మధ్యలో మాట్లాడేవాడు లేడు. ఆ సంగతి మాకు రక్తంలో ఉంది. ఎంపీకీ ఉంది. మేనేజరుకూ ఉంది, టై కట్టుకున్నా సరే.

మొదటి కర్ర పంతొమ్మిదేళ్లూ అయ్యేసరికి దాదాపు రెండు నిమిషాలు పట్టింది. జనం ఆశగా గాలి పీల్చుకున్నారు.

"రెండో కర్ర," అన్నాడు బాబాయ్.

మా ఊరి ముసలమ్మలు తెలివైనవాళ్లు. మోచేతులు నెమ్మదిగా మోకాళ్ల మీద ఆనించుకున్నారు. ఎంపీకి ఆ వీలు లేదు. పట్నంలో కుర్చీలకు అలవాటు పడ్డ మనిషి, పొట్ట అడ్డం, మఠం వేసుకుని కూర్చోవడమే కష్టంగా ఉంది. ఐదో కర్ర దగ్గర ఆయన చేతులు వణకడం మొదలుపెట్టాయి. మేనేజరు గడియారం బరువుకు ఎడమ చెయ్యి కుడిచెయ్యికంటే జానెడు కిందికి దిగింది. పక్కనున్న ముసలాయన మోచేత్తో ఒక్క పోటు పొడిస్తే మళ్లీ లేచింది.

మెదినా మొదట్లో కళ్లతో బాబాయ్‌కి సైగలు చేసింది, ఒక్క నిమిషం, ఒక్క వాక్యం అని. బాబాయ్ కళ్లు మూసుకుని ఉన్నాడు. తర్వాత ఆ పిల్ల కూడా ఊరుకుంది. ఫోనులో తీద్దామన్నా చేతులు ఖాళీ లేవు. మా సంఘం చరిత్రలో ఒకే ఒక్క ప్రచార సభకు ఒక్క ఫొటో లేకపోవడానికి కారణం అదే. తీసేవాళ్ల చేతులన్నీ పైనే ఉన్నాయి.

తొమ్మిదో కర్రకు ఎవరో గురక పెట్టారు. పదకొండో కర్రకు గుడారం బయట కట్టిన గుర్రం కూడా తల వాల్చేసింది. ఏ అంకె చివర "గాక" వచ్చినా అరవై గొంతులు ఆత్రంగా "ఓమిన్" అనేవి, ఆయన తర్వాతి కర్రకు వెళ్లిపోయేవాడు.

"పద్నాలుగో కర్ర," అన్నాడు. ఆగాడు. ఎవరూ ఓమిన్ అనలేదు. "పద్నాలుగో కర్ర లేదు. అక్కడ మంచు అయిపోయింది, రాయి తేలింది. కర్ర పడిపోయి ఉంటే బురుల్ ఇంటికి తెచ్చుకుంది. ఇప్పుడు ఆమె పెరట్లో టమాటా తీగకు ఊతం. పదిహేనూ అంతే, పదహారూ అంతే. ఈ మూడింటి గురించి చెప్పడానికి నా దగ్గర అంకె లేదు."

సపార్ తాత ముక్కు ఎగబీల్చాడు. ఎంపీ కళ్లు తెరిచి బాబాయ్ ముఖం చూశాడు. చేతుల సంగతి ఆ కాసేపూ మరిచిపోయినట్టున్నాడు.

తర్వాత పదిహేడో కర్ర మొదలైంది, ఆయనకు చేతులు మళ్లీ గుర్తొచ్చాయి. ఇరవై రెండో కర్రకు ఎంపీ ముఖం బీట్‌రూట్ సూపులా తయారైంది. మేనేజరు పెదవులు కదులుతున్నాయి, అది ప్రార్థన అయితే కాదు.

కర్రలు అయిపోయాయి. బాబాయ్‌కి చెప్పడానికి ఇంకేం మిగల్లేదు. ఆగిపోతే పని పాడవుతుంది. నేను మోకాలితో ఆయన మోకాలిని గట్టిగా తన్నాను.

"అడగండి," అన్నాను పళ్ల బిగువున.

"ఏం అడగాలి?"

"రంపం."

బాబాయ్ ఊపిరి పీల్చుకున్నాడు. ఐదు వారాలు మెదినా నెత్తి బాదుకున్నా రాని మాట ఆయన నోట్లోంచి అప్పుడొచ్చింది, సుమారు లేదు, అటూ ఇటూ లేదు.

"ఇక్కడ రొట్టె తిన్నవాళ్లెవరూ చోంగ్-తెకే మీద రంపం పెట్టకుందురుగాక. పెట్టడానికి సంతకం చేయకుందురుగాక."

"ఓమిన్." అరవై మంది ఒక్క గొంతుతో. అందరికంటే గట్టిగా అన్నది ఎంపీ. రెండు చేతులూ ముఖం మీద పడేసి, గడ్డం దాకా తుడిచి, అట్లాగే వెనక్కి వాలిపోయాడు. మేనేజరు కూడా అన్నాడు, నేను విన్నాను. ముప్పై ఎనిమిది నిమిషాలయ్యాక మనిషి దేనికైనా ఓమిన్ అంటాడు.

అందరూ లేచాక ఎంపీ భుజాలు తిప్పుకుంటూ గుడారం బయటికి వచ్చాడు. నేను అడ్డం వెళ్లి నిలబడ్డాను. తిట్టకూడదని నాలుక కొరుక్కున్నాను.

"అయితే రాస్తారు కదా అన్నా, వద్దని?"

"కమిటీలో చూద్దాం అక్కా."

"ఏం చూస్తారు? ఓమిన్ అన్నారు."

"చేతులు పడిపోతుంటే అన్నాను. అందరూ అన్నారు."

"అందరూ అన్నారు, అందరూ చూశారు."

మేనేజరు నవ్వాడు. "ఇవన్నీ ఆచారాలమ్మా. ఆఫీసులో ఫైలు వేరు," అన్నాడు. ఎంపీ భుజం పట్టుకుని కారెక్కించాడు. ఎంపీ మళ్లీ తల వంచుకున్నాడు.

వాళ్ల కారు వంపు తిరిగేదాకా చూశాను. అప్పుడు నాకు బుద్ధి వచ్చింది. ప్రచారం, ప్రచారం అని ఐదు వారాలు తిరిగాం, మేం ప్రచారం ఎవరికి చేయాలో వాళ్లకు తప్ప అందరికీ చేశాం. ఎసెన్‌బెక్ ఎంపీ అమ్మ కాలిచా అవ్వ, కనుమకు అవతల ఊళ్లో ఉంటుంది. కొడుకు ఈ వైపు వస్తే అక్కడ ఆగకుండా పోడు. కనుమ నిండా గొర్రెలున్న మాట నిజమే, కారుకు రెండు గంటలు పడుతుంది. ఫోనుకు పట్టదు.

మా వదినకు చెప్పాను. మా వదిన రొట్టెలమ్మే బూబూషకు చెప్పింది. బూబూష వాళ్ల అక్క కాలిచా అవ్వ పక్కిల్లే. ఒక్క వాక్యమే పంపాను, మెదినా గర్వపడేలా: నీ కొడుకు అరవై మంది ముందు ఓమిన్ అన్నాడు, ఇప్పుడు చూద్దాం అంటున్నాడు.

టీ తాగుతుండగా నా ఫోను మోగింది.

"బురుల్ నువ్వేనా తల్లీ? నేను కాలిచాని. మా వాడు నిజంగా అన్నాడా?"

"అన్నాడవ్వా."

"ముఖం తుడుచుకున్నాడా?"

"గడ్డం దాకా."

"దీవెన చెప్పినాయన పెద్దవాడేనా, ఎవరో కుర్రకుంకా?"

"అరవై ఏడేళ్లు అవ్వా. తల ఆయన ముందే పెట్టారు."

గేటు చప్పుడు, కారు హారను, గొర్రెల అరుపులు వినబడ్డాయి. ఆవిడ ఫోను పెట్టేయడం మర్చిపోయింది. అందుకని మేం అంతా వినగలిగాం, నేను, మెదినా, జాకిప్, బాబాయ్, ఫోను చుట్టూ తలలు పెట్టి.

"దిగరా కిందికి. ఆ టై ఆయన్ని కారులోనే ఉండనీ. నువ్వు ఓమిన్ అన్నావా లేదా?"

"అమ్మా, అది ఆఫీసు పని."

"అన్నావా లేదా?"

"అన్నానమ్మా. చేతులు లాగేస్తుంటే..."

"నేను నిన్ను తొమ్మిది నెలలు మోశాను, నాకేం లాగలేదా? నలుగురిలో తుడుచుకున్న ముఖం మళ్లీ వెనక్కి తుడుచుకుంటావా? రేపు నేను చస్తే ఈ ఊళ్లో నా కోసం ఎవరు చెయ్యి చాపుతారు, నీ మాట తెలిసాక?"

ఆయన ఏమన్నాడో వినబడలేదు.

పదకొండు రోజులకు కాగితం వచ్చింది. రెండే రెండు వాక్యాలు. అనుమతి ఇవ్వరాదని ఒకటి. శాస్త్రవేత్తల వివరణను కమిటీ తరఫున స్వయంగా, పూర్తిగా, ఆసాంతం విన్నాను అని రెండోది. ఆసాంతం అన్న మాట కింద గీత గీశాడు.

కాగితం తీసుకుని తాష్-కొరో వెళ్లి కాలవ గట్టు మీద నిలబడి చదివాను. జనం విన్నారు. చప్పట్లు కొట్టారు. కాలవలో నీళ్లు ఎప్పటిలాగే పోతున్నాయి, గొర్రెలు తాగుతున్నాయి, మా అమ్మ బిందె ముంచుకుంది. తర్వాత సపార్ తాత దగ్గరికొచ్చాడు.

"మంచిదమ్మా బురుల్. ఇంతకీ వంతెన సంగతేంటి?"

"ఏ వంతెన?"

"మా వాగు మీద వంతెన. ఎనిమిదేళ్లుగా అడుగుతున్నాం. వచ్చే నెల రోడ్ల శాఖాయన వస్తున్నాడు. గొర్రె నాది. మీ తెమిర్‌కుల్‌ని తీసుకురా."

వెనకనుంచి ఇంకొకాయన, "ట్రాన్స్‌ఫార్మర్ కూడా ఉంది," అన్నాడు. బడి పైకప్పు గురించి టీచరమ్మ చెయ్యెత్తింది. వరస కట్టేశారు. మెదినా పక్కనుండి నోటుపుస్తకంలో రాసుకుంటోంది, తేదీలతో సహా.

మర్నాడు ఆఫీసులో బాబాయ్‌కి చెప్పాను. వద్దంటాడనుకున్నాను, ఆయనకు మంచు తప్ప ఇంకేదీ పట్టదు. కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నాడు.

"వంతెన ఎన్ని మీటర్లు?" అన్నాడు.

"ఎవరికి తెలుసు."

"వరద ఎంత ఎత్తుకు వస్తుంది? ఏటా ఎన్ని బండ్లు దాటతాయి? పాత దూలాలు ఎన్ని, అందులో కుళ్లినవెన్ని?"

"ఎవరూ కొలవలేదు బాబాయ్."

"మరి నేను ముప్పై ఎనిమిది నిమిషాలు ఏం చెప్పను?" అన్నాడు.

నేను టేపు తీసుకుని బస్సెక్కాను.